చివరి మాటే ఇంటి పేరా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పేజీలో స్పెయిన్ దేశపు ఇంటి పేర్ల మీద వేసిన వ్యాసం చదివాం. క్యాస్ట్రో అన్న పేరు పుట్టుపూర్వోత్తరాలు తెలుగులో చెప్పే ప్రయత్నం చేసినందుకు సంతోషం. కాని అందులో రెండు సంగతులు తప్పుగా వచ్చాయి. క్యాస్ట్రో అన్న పేరున్నవాళ్లంతా ఒకే జమీందారీ వంశం వాళ్లన్నట్టు రాశారు. క్యూబా నాయకుడు ఫిడెల్ క్యాస్ట్రో రూజ్ అన్న పూర్తి పేరులో చివర ఉన్న రూజ్‌ని ఇంటి పేరుగా, క్యాస్ట్రోని నడిమి పేరుగా చూపించారు. మొదటిది చరిత్రలో పొరపాటు, సవరిస్తే సరిపోతుంది. రెండోది మాత్రం ఒడిశాలో మా గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో తెలుగువాళ్ల కాగితాలను తరాల తరబడి పాడుచేస్తున్న పొరపాటు. పేరులో ఆఖరున ఏ మాట ఉంటే అదే ఇంటి పేరు అనుకోవడం. మేం పర్లాకిమిడిలో దరఖాస్తులు నింపే పనిలోనూ, బడి రిజిస్టర్ల పనిలోనూ ఉన్నవాళ్లం. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైనా పూర్తిగా రాస్తున్నాం.

ముందు క్యాస్ట్రో సంగతి. ఈ పేరుకు మూలం కాస్ట్రుమ్ అనే లాటిన్ మాట. కాస్ట్రుమ్ అంటే కోట. దాని బహువచనం కాస్ట్రా అంటే రోమన్ సేన దండు విడిసిన చోటు. ఇంగ్లండులోని మాంచెస్టర్, లాంకాస్టర్ ఊళ్ల పేర్ల చివర ఉన్నదీ ఈ మాటే. స్పెయిన్‌కు వాయవ్య మూల ఉన్న గలీసియా, దాని పక్క అస్తూరియాస్, కింద పోర్చుగల్ ఉత్తర భాగం, ఈ మూడు చోట్లా క్యాస్ట్రో అంటే జనానికి తెలిసిన వస్తువు ఒకటుంది. ఇనుప యుగంలో, రోమన్లు రాకముందే, గుట్టల మీద కట్టుకున్న ఊళ్లు అవి. గుట్ట చుట్టూ రాతి గోడ, కొన్నిటికి రెండు మూడు వరసలు, బయట కందకం, లోపల గుండ్రటి రాతి ఇళ్లు. మీన్యో నది సముద్రంలో కలిసే చోట సాంతా తేగ్రా గుట్ట మీద, సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతి కొన మీద బరోన్యాలో, లూగో దగ్గర విలదోంగాలో ఆ గోడలూ ఇళ్ల పునాదులూ ఇప్పటికీ కనిపిస్తాయి. అలాంటి గుట్ట పక్కన వెలసిన పల్లెకు క్యాస్ట్రో అనే పేరు నిలిచింది. ఆ పల్లె నుంచి వేరే ఊరు వెళ్లినవాణ్ణి అక్కడివాళ్లు ‘దె క్యాస్ట్రో’ అన్నారు, అంటే క్యాస్ట్రో ఊరివాడని. కాలం గడిచాక చాలా ఇళ్లలో ‘దె’ జారిపోయి ఒట్టి క్యాస్ట్రో మిగిలింది.

ఇలాంటి ఊళ్లు పదుల కొద్దీ ఉన్నాయి (మనం క్యాస్ట్రో అనేదే స్పానిష్ పలుకులో కాస్త్రో). కాంతాబ్రియాలో కాస్త్రో ఉర్దియాలెస్, కొర్దొబా వైపు కాస్త్రో దెల్ రీయో, బుర్గోస్ దగ్గర కాస్త్రొహెరీస్. ఒక్కో ఊరి నుంచి ఒక్కో కుటుంబం అదే పేరు పెట్టుకుంది, ఒకరితో ఒకరికి చుట్టరికం లేకుండానే. మీ వ్యాసం చెప్పిన పెద్ద వంశం కాస్త్రొహెరీస్ నుంచి వచ్చింది. 12వ శతాబ్దంలో కాస్తీల్ రాజ్యంలో లారా వంశంతో పోటీపడిన దొరలు వాళ్లు. పోర్చుగల్ యువరాజు పెద్రో మనసిచ్చిన ఇనేస్ దె కాస్త్రో, 1355లో కొయింబ్రాలో రాజాజ్ఞ మీద హతమైన ఆవిడ, ఆ కుదురు మనిషే. పోర్చుగీసు వైస్రాయ్‌గా ఉండి 1548లో గోవాలో కన్నుమూసిన జొవాంవ్ ద కాస్త్రు పేరు మన చరిత్ర పుస్తకాల్లోనూ ఉంది. స్పెయిన్ 1492లో యూదులను వెళ్లగొట్టాక ఆమ్‌స్టర్‌డామ్, హాంబర్గ్ చేరిన యూదు కుటుంబాల్లోనూ దె కాస్త్రోలు ఉన్నారు. దొరలు, రైతులు, యూదు వైద్యులు, ఇంతమందిది ఒకే రక్తం ఎలా అవుతుంది? మన దగ్గర కోట అన్న ఇంటి పేరు ఉంది కదా. ధరణికోటను ఏలిన కోట వంశాన్ని తెచ్చి శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఉన్న కోట వారందరికీ అంటగడితే ఎంత తప్పో, ఇదీ అంతే తప్పు.

ఎంతమందికి ఉందన్న సంగతి కూడా కొంచెం సరిచూడాలి. క్యాస్ట్రో మనకు బాగా తెలిసిన పేరు కాబట్టి స్పెయిన్‌లో అదే ముందుంటుందని అనిపిస్తుంది. అక్కడ మొదటి పది పేర్లలో అది లేదు. ముందున్నది గార్సియా. 5 కోట్లకు కాస్త తక్కువ జనాభాలో 14 లక్షల మందికి పైగా మొదటి ఇంటి పేరు గార్సియానే. ఆ తర్వాత రొద్రిగేస్, గొన్సాలెస్, ఫెర్నాందెస్, లోపెస్, మార్తీనెస్, సాంచెస్, పేరెస్. వీటి చివర ఉన్న ‘ఎస్’కు ఫలానావాడి కొడుకు అని అర్థం. రొద్రిగో కొడుకు రొద్రిగేస్, పేద్రో కొడుకు పేరెస్. క్యాస్ట్రో ఆ రకం కాదు, ఊరి పేరు నుంచి వచ్చింది. మన బొడ్డేపల్లి, పొట్నూరు ఎలాగో అలాగ. గలీసియాలో, పోర్చుగల్‌లో, అక్కడి నుంచి జనం వలస వెళ్లిన క్యూబా, మెక్సికో, కొలంబియా, బ్రెజిల్‌లలో ఈ పేరు గట్టిగా వినిపిస్తుంది. ఫిడెల్ తండ్రి కూడా గలీసియాలోని లాంకరా నుంచి క్యూబా చేరినవాడే.

ఇక అసలు సంగతి. స్పెయిన్‌లోనూ, స్పానిష్ మాట్లాడే చాలా దేశాల్లోనూ ప్రతి మనిషికీ రెండు ఇంటి పేర్లుంటాయి. ముందు సొంత పేరు, తర్వాత తండ్రి మొదటి ఇంటి పేరు, ఆ తర్వాత తల్లి మొదటి ఇంటి పేరు. ఫిడెల్ తండ్రి ఆంహెల్ క్యాస్ట్రో అర్హీస్, తల్లి లీనా రూజ్ గొన్సాలెస్. తండ్రి నుంచి క్యాస్ట్రో, తల్లి నుంచి రూజ్. కాబట్టి ఫిడెల్ క్యాస్ట్రో రూజ్, తమ్ముడు రౌల్ క్యాస్ట్రో రూజ్. రౌల్ భార్య విల్మా ఎస్పీన్. పెళ్లయినా ఆవిడ ఇంటి పేరు మారలేదు, స్పానిష్ సంప్రదాయంలో మారదు. వాళ్ల కూతురు మరియేలా క్యాస్ట్రో ఎస్పీన్. మూడు తరాల పేర్లు ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి. నడుమ ఉన్న క్యాస్ట్రో నిలబడింది. చివరి మాట తరానికోసారి మారింది, అర్హీస్ పోయి రూజ్, రూజ్ పోయి ఎస్పీన్. చివరి మాటను ఇంటి పేరుగా తీసుకుంటే తాత, కొడుకు, మనవరాలు ముగ్గురూ మూడు ఇళ్ల మనుషులైపోతారు. అక్షరక్రమంలో పెట్టేటప్పుడు ఫిడెల్‌ను ‘క’ దగ్గర వెతకాలి, ‘ర’ దగ్గర కాదు. చే గువేరా అసలు పేరు ఎర్నెస్తో గువేరా దె లా సెర్నా. అందులోనూ గువేరానే తండ్రి వైపుది, అది స్పెయిన్‌లో బాస్క్ ప్రాంతపు అలావాలో ఒక ఊరి పేరు. టెన్నిస్ ఆటగాడు నాదల్ పూర్తి పేరు రఫాయెల్ నాదల్ పరేరా.

తండ్రి పేరు మరీ మామూలుదైతే తల్లి పేరుతో పిలవడం కూడా ఉంది. పికాసో తండ్రి ఇంటి పేరు రూయిస్, తల్లిది పికాసో. 2004 నుంచి 2011 దాకా స్పెయిన్ ప్రధానిగా ఉన్న హొసే లూయిస్ రొద్రిగేస్ సపతేరోను జనం సపతేరో అనే అన్నారు. కాని అది పిలుపులోనే. రిజిస్టరులో మొదటిది రొద్రిగేస్, రెండోది సపతేరో. వాళ్ల గుర్తింపు కార్డు మీద ఇంటి పేర్లు, సొంత పేరు అని విడివిడిగా అచ్చువేస్తారు. గుమాస్తా ఊహించుకోవలసిన అవసరం రాదు. మాకు ముఖ్యంగా కనిపించేది ఇదే.

ఇది ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఒకప్పుడు అక్కడా ఇంటి పేరు తరానికోసారి మారేది. 1099లో చనిపోయిన ఎల్ సిద్ అన్న వీరుడి పేరు రొద్రిగో దియాస్, అంటే దియేగో కొడుకు. ఆ దియేగో పేరు దియేగో లాయీనెస్, అంటే లాయీన్ కొడుకు. తండ్రిదొకటి, కొడుకుదొకటి. నెమ్మదిగా పేర్లు కుదురుకున్నాయి. 1870లో ప్రభుత్వ జనన మరణ రిజిస్టరు చట్టం వచ్చాక రెండు ఇంటి పేర్ల పద్ధతి కాగితం మీద స్థిరపడింది. 1999లో తల్లి పేరు ముందు పెట్టుకునే వీలిచ్చారు. 2017 జూన్ 30 నుంచి తండ్రి పేరే ముందన్న నియమం కూడా తీసేశారు. తల్లిదండ్రులు ఏది ముందో చెప్పాలి, ఒప్పందానికి రాకపోతే రిజిస్ట్రారు మూడు రోజులు గడువిచ్చి, అప్పటికీ తేలకపోతే బిడ్డ మేలు చూసి తనే నిర్ణయిస్తాడు. మొదటి బిడ్డకు పెట్టిన వరసే అదే తల్లిదండ్రుల తర్వాతి బిడ్డలందరికీ వర్తిస్తుంది. ఈ ఆఖరి నియమాన్ని మా జిల్లాల వాళ్లు గమనించాలి. ఒక కడుపున పుట్టినవాళ్లకు ఒకటే ఇంటి పేరు ఉండేలా చట్టమే కాపలా కాస్తోంది.

ఆఫీసువాళ్లు తమ సౌకర్యానికి పేర్లు పెడితే ఏమవుతుందో ఫిలిప్పీన్స్ చూపిస్తుంది. ఆ దేశం స్పెయిన్ ఏలుబడిలో ఉన్నప్పుడు జనం దె లా క్రూస్, దె లోస్ సాంతోస్ వంటి భక్తి పేర్లు ఎవరికి తోచినవి వాళ్లు పెట్టుకునేవాళ్లు. అన్నదమ్ములకే వేరు వేరు పేర్లుండేవి, పన్నుల లెక్క తేలేది కాదు. 1849 నవంబరు 21న గవర్నర్ జనరల్ నార్సీసో క్లవెరియా ఒక ఉత్తర్వు ఇచ్చాడు. దాదాపు 60 వేల పేర్లతో అక్షరక్రమంలో ఒక జాబితా తయారుచేసి, దాని కాగితాలు జిల్లాలకూ, అక్కడి నుంచి ఊళ్లకూ పంచారు. అల్బాయ్ జిల్లాలో ఓయాస్ అన్న ఊరికి ‘ర’ అక్షరం కాగితాలు వచ్చాయి, ఆ ఊళ్లో ఇంటి పేర్లు చాలావరకు ‘ర’తోనే మొదలవుతాయి. నాలుగు తరాలుగా వాడుతున్న పేరు అని చూపించగలిగినవాళ్లకు మాత్రం పాతది ఉంచుకునే హక్కు ఇచ్చారు. అందుకే ఫిలిప్పీన్స్‌లో క్యాస్ట్రో అన్న పేరు కనబడితే ఆ మనిషి పూర్వీకులు స్పెయిన్ వాళ్లని చెప్పలేం. జాబితాలోంచి వచ్చిన పేరు కావచ్చు.

మా దగ్గర ఎవరూ జాబితా పంచలేదు. జరిగింది నిశ్శబ్దంగా, ఒక్కో దరఖాస్తులో ఒక్కో గడిలో జరిగింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి, మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి గంజాం, కొరాపుట్ ప్రాంతాలు అందులో కలిశాయి. బరంపురం, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, జయపురం ఊళ్లలో ఉన్న తెలుగువాళ్ల కాగితాలు ఒడియాలోకి మారాయి. ఒడియా పేరులో సొంత పేరు ముందు, పదవి (ఒడియాలో ఇంటి పేరును అలా అంటారు) వెనక. పండా, పాణిగ్రాహి, సాహు, బెహెరా, మహాంతి, అన్నీ ఆఖరునే. కౌంటరు దగ్గర ‘మీ టైటిల్ ఏమిటి’ అని అడిగే గుమాస్తా ఆఖరి మాట కోసమే చూస్తాడు. అతని భాషలో అది న్యాయమే. తెలుగులో ఇంటి పేరు ముందుంటుందని అతనికి చెప్పేవాళ్లు లేరు. పైగా మనవాళ్లే దాన్ని ఒక్క పొడి అక్షరానికి కుదించి చేతికిస్తారు.

ఉదాహరణకు కోట అప్పన్న అనే రైతు అనుకుందాం. పిల్లలు సూర్యారావు, సత్యం, లక్ష్మి. బడి రిజిస్టరులో కె. సూర్యా రావు, కె. సత్యం, కె. లక్ష్మి అని ఎక్కుతుంది. తర్వాత ఏదో ఆన్‌లైన్ దరఖాస్తులో ఇంటి పేరు గడి వస్తుంది. ఆఖరి మాట అందులో పడుతుంది. అన్నకు రావు, తమ్ముడికి సత్యం, చెల్లెలికి లక్ష్మి. రావు అన్నది సొంత పేరుకు తగిలించిన గౌరవపు మాట, సత్యం, లక్ష్మి వాళ్ల సొంత పేర్లు. మూడింటిలో ఏదీ ఇంటి పేరు కాదు. వచ్చే తరంలో సూర్యారావు కొడుకు రాకేశ్ రావు అవుతాడు, సత్యం కొడుకు రమేశ్ కుమార్ అవుతాడు, ఎందుకంటే గడి ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వదు, ఏదో ఒకటి నింపాలి. అప్పన్న పోయాక భూమి పేరు మార్పు కోసం తహసీల్దార్ ఆఫీసుకు వెళ్తే, పట్టాలో కోట అప్పన్న అని ఉంటుంది, వారసుల కాగితాల్లో కోట అన్న మాటే ఎక్కడా ఉండదు. ఒడిశా భూమి రికార్డులో పేరు, తండ్రి పేరు, జాతి (అంటే కులం), నివాసం ఒడియాలో రాసి ఉంటాయి. వాటిలో మొదటిదే కలవకపోతే తక్కినవన్నీ రుజువు చేసుకుంటూ తిరగాలి.

పెళ్లి సంబంధాల్లోనూ ఇదే చిక్కు. ఒకే ఇంటి పేరువాళ్లను అన్నదమ్ముల వరసగా చూసే కుటుంబాలకు ‘కె.’ అన్న అక్షరం ఏమీ చెప్పదు. కోట కావచ్చు, కరణం కావచ్చు, కింజరాపు కావచ్చు. టెక్కలి, పాతపట్నం వైపు నుంచి సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు ముందు అడిగేది ఇంటి పేరే.

పెద్దల పేర్లలోనూ ఈ తేడా కనబడుతుంది. బరంపురంలో 1894లో పుట్టి రాష్ట్రపతి అయిన వి.వి. గిరి గారి ఇంటి పేరు వరాహగిరి. ఆయన తండ్రి వరాహగిరి వెంకట జోగయ్య పంతులు. గిరి అన్నది ఆయన సొంత పేరులో ఆఖరి ముక్క. లోకం మాత్రం దాన్నే ఇంటి పేరుగా తీసుకుంది. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, సవర భాషకు జీవితం ధారపోసిన రామమూర్తి పంతులు గారిని తెలుగువాళ్లు గిడుగు అనే గుర్తుపడతారు, ఎందుకంటే తెలుగులో దాన్ని ఎప్పుడూ పూర్తిగా రాశారు. ఇంగ్లిషులో రాసిన జి.వి. రామమూర్తిలో ఆ గిడుగు కనిపించడు.

ఇక అక్షరాల సంగతి. ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి కాబట్టి కొంచెం ఆగి చెబుతాం. ఒడియాలో ఎ, ఏ అని రెండు లేవు, ఒ, ఓ అని రెండు లేవు. కొ, కో రెండిటికీ ఒకటే గుర్తు. కాబట్టి ఒడియా నుంచి మళ్లీ తెలుగులోకి తెచ్చేటప్పుడు గొర్లె అన్నది గోర్లే అయిపోగలదు. ఇంగ్లిషులోకి తెచ్చేటప్పుడు ఒకరు ఒక ‘ఓ’ వేస్తారు, ఇంకొకరు రెండు వేస్తారు. తెలుగు ‘వ’ను మామూలుగా ‘బ’ అక్షరంతో రాసేస్తారు. వెంకట బెంకట అవుతుంది, వానపల్లి బానపల్లి అవుతుంది. ఒడియాలో ‘వ’కు వేరే అక్షరం ఉంది, అది వేయమని అడిగి వేయించుకోవాలి. ‘య’కు రెండు అక్షరాలున్నాయి, చూడ్డానికి దగ్గరగా ఉంటాయి, ఒకటి ‘జ’ అని పలుకుతుంది. యర్రా వారు జర్రా వారు అయ్యేది ఆ అక్షరం వల్లే. ‘ళ’ ఒడియాలో ఉంది, దాన్ని వదులుకోనక్కర్లేదు.

మన ఇంగ్లిషు అలవాటు కూడా ఒకటి దెబ్బతీస్తుంది. మనం ‘త’కు టీ, హెచ్ రెండూ వేస్తాం, లత అని రాయడానికి. ఒడియావాళ్లకు టీ పక్కన హెచ్ ఉంటే అది ‘థ’. కాబట్టి మన లత వాళ్ల రిజిస్టరులో లథా అవుతుంది. అలాగే చ అక్షరపు ఇంటి పేర్లకు మనం వాడే సిహెచ్ అన్న పొడి అక్షరం రెండు వేరు అక్షరాలుగా విడిపోయి, సి. హెచ్. అని రెండు చుక్కలతో ఎక్కుతుంది. అప్పుడు ఆ మనిషికి లేని ఇంకో పేరు పుట్టినట్టే. ఇలాంటి తంటా స్పెయిన్‌లోనూ ఉంది. బాస్క్ భాషలో ఎచెబెర్రియా అంటే కొత్త ఇల్లు. స్పానిష్ గుమాస్తాలు దాన్ని తమ వర్ణక్రమంలో ఎచెవెర్రీయా అని రాశారు. ఇప్పుడు అక్కడి చట్టం ప్రకారం తమ భాష వర్ణక్రమానికి మార్పించుకునే వీలుంది.

మీ పేరులో ఏ ముక్కను ప్రభుత్వం ఇంటి పేరు అనుకుంటోందో చూసుకోవడానికి రెండు తేలిక దారులున్నాయి. పాన్ కార్డు నంబరులో అయిదో అక్షరం చూడండి. వ్యక్తులకు అది ఇంటి పేరు మొదటి ఇంగ్లిషు అక్షరం. కోట వారికి అక్కడ ‘కె’ ఉండాలి. ‘ఆర్’ ఉంటే రావును ఇంటి పేరుగా ఎక్కించారని అర్థం. తర్వాత పేరు సవరించుకున్నా నంబరు మారదు, అక్షరం అలాగే ఉండిపోతుంది, దానికి కంగారుపడనక్కర్లేదు. రెండోది పాస్‌పోర్టు. ఫొటో పేజీ అడుగున యంత్రం చదివే రెండు వరసలుంటాయి. పై వరసలో దేశం గుర్తు అయిన ఐఎన్‌డి తర్వాత వచ్చేది ఇంటి పేరు, ఆ తర్వాత రెండు కోణపు గుర్తులు, వాటి తర్వాత సొంత పేరు. విమానం టికెట్టు కొనేటప్పుడు ఆ వరస చూసి నింపాలి. ఆధార్ చూసి నింపకూడదు, ఎందుకంటే ఆధార్‌లో పేరుకు ఒకటే వరస, ఇంటి పేరుకు వేరే గడి లేదు.

మా వైపు నుంచి గల్ఫ్ పనులకు వెళ్లేవాళ్లు చాలామంది. 2022 నవంబరు 21 నుంచి యూఏఈ పర్యాటక వీసా మీద వచ్చేవాళ్ల పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉండి రెండో గడి ఖాళీగా ఉంటే రానివ్వబోమని చెప్పింది. తర్వాత తండ్రి పేరు చివరి పేజీలో ఉంటే ఒప్పుకుంటామని సడలించింది. అమెరికా వీసాలో సొంత పేరు గడి ఖాళీగా ఉంటే ఎఫ్‌ఎన్‌యూ అని వేస్తారు, పేరు తెలియదని దాని అర్థం. ఇంటి పేరు, సొంత పేరు రెండూ పూర్తిగా ఉన్నవాళ్లకు ఈ రెండు బాధలూ లేవు.

ఏం చేయాలి అంటే, బిడ్డ పుట్టకముందే ఒక చీటీ రాసి పెట్టుకోవాలి. అర ఠావు కాగితం చాలు. పైన ఇంటి పేరు, కింద సొంత పేరు, ఒక్కోదాన్ని తెలుగులో, ఒడియాలో, ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లో. పొడి అక్షరం ఒక్కటీ వద్దు. దాని మూడు కాపీలు తీసి ఉంచుకోవాలి, ఆసుపత్రికొకటి, బడికొకటి, ఇంట్లో ఒకటి. నోటితో చెప్పి రాయించుకోవద్దు, చీటీ చూపించి రాయించుకోవాలి, రాశాక అక్షరం అక్షరం చదివి సరిచూడాలి. జననం 21 రోజుల్లో నమోదు చేయించాలి. అప్పటికి పేరు పెట్టకపోతే, నమోదైన నాటి నుంచి 12 నెలల్లోపు రుసుం లేకుండా పేరు చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు రుసుంతో. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు బడి, ఓటు, డ్రైవింగ్ లైసెన్సు, ఆధార్ అన్నిటికీ పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే. కాబట్టి అందులో తప్పు పడితే అది అన్నిట్లోకీ పాకుతుంది. తల్లి పేరు గడిలో మాత్రం ఆమె ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే రాయించండి, అక్కడ కొత్త తేడా పుట్టించకండి.

బడిలో చేరిన పిల్లలకు ఆఖరి అవకాశం తొమ్మిదో తరగతిలో బోర్డు రిజిస్ట్రేషన్‌కు ముందు. మెట్రిక్ సర్టిఫికెట్ అచ్చయ్యాక సవరణ అంటే కటక్ బోర్డు దాకా వెళ్లాలి. ఇప్పటికే పెద్దవాళ్లై పొడి అక్షరాలతో ఉన్నవాళ్లు ముందు జనన ధ్రువపత్రమో మెట్రిక్కో, ఏది ఉంటే అది సరిచేయించుకోవాలి. దాన్ని చూపించి ఆధార్, ఆ తర్వాత పాన్, బ్యాంకు, చివర పాస్‌పోర్టు. ఈ వరస తప్పితే ఆధార్‌లో ఒకసారి మార్చి, మళ్లీ మార్చవలసి వస్తుంది. ఆధార్‌లో పేరు మార్పు జీవితంలో రెండుసార్లే. చాలామంది నోటరీ దగ్గర ‘ఇద్దరూ ఒకే మనిషి’ అని అఫిడవిట్ రాయించుకుని అయిపోయిందనుకుంటారు. అది ఆ పూటకు పని జరిపిస్తుంది తప్ప రికార్డులో ఒక్క అక్షరం మార్చదు. రికార్డు మారాలంటే, ఏ ఆధారమూ లేనివాళ్లకు అఫిడవిట్, పత్రికా ప్రకటన, గెజెట్, ఈ మూడూ కావాలి. 1936కు ముందటి తెలుగు దస్తావేజులు ఇంట్లో ఉంటే పారేయకండి. తాత పూర్తి ఇంటి పేరు వాటిలో ఉంటుంది, వారసత్వపు పనుల్లో అవి పనికొస్తాయి.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. పెళ్లయ్యాక ఇంటి పేరు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పదు. మా దగ్గర పెళ్లికి ముందు కె. లక్ష్మి, పెళ్లయ్యాక బి. లక్ష్మి. ఒక అక్షరం మారితే చాలు, చదువు కాగితాలకూ రేషన్ కార్డుకూ సంబంధం తెగిపోతుంది. తండ్రి ఆస్తిలో వాటా అడిగే రోజున తను ఆ ఇంటి బిడ్డేనని రుజువు చేసుకోవలసిన పని ఆమె మీదే పడుతుంది. పుట్టింటి పేరు పూర్తిగా రాసి ఉన్న మెట్రిక్ సర్టిఫికెట్టును, పెళ్లి నమోదు పత్రాన్ని కలిపి ఒకే చోట ఉంచుకుంటే ఆ రుజువు చేతిలో ఉన్నట్టే. పేరు మార్చుకోకుండా ఉంటే ఇంకా మేలు, అది వాళ్ల ఇష్టం.

మీ పత్రికను రెండు సంగతులు కోరుతున్నాం. సరిహద్దు జిల్లాల వార్తల్లో తెలుగువాళ్ల పేర్లు వేసేటప్పుడు ఇంటి పేరు పూర్తిగా వేయండి. పరీక్షా ఫలితాలు, శ్రద్ధాంజలి ప్రకటనలు, పెళ్లి సంబంధాల పేజీ, అన్నిట్లోనూ. విలేకరి ‘కె.’ అని పంపితే ‘కె’ అంటే ఏమిటని డెస్కు ఒక ఫోను చేసి అడిగితే తేలిపోతుంది. రెండోది, బళ్లలో కొత్త అడ్మిషన్లు మొదలయ్యే లోపు ఆ పేరు చీటీ నమూనాను మీ సరిహద్దు పేజీలో గడులతో సహా అచ్చువేయండి. కత్తిరించి, నింపి, జెరాక్సు తీయించి వాడుకునేలా ఉండాలి. వ, య, ళలకు ఏ ఒడియా అక్షరం వేయించుకోవాలో పక్కన ఒక చిన్న పట్టీగా ఇస్తే ఒడియా రాని తల్లిదండ్రులకు కూడా పని జరుగుతుంది. ఆ పట్టీ అచ్చుకు ముందు సరిచూసి పంపడానికి మేం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా నుంచి కొందరు పాఠకులు